కావడి మోసే కత్తివీరుడు

ఓర్వెన్ భుజం మీద కావడి, నడుముకి కత్తి. రెండూ ఒకదానికొకటి అడ్డం.

ఆరిళ్ళకి నీళ్ళు పోసి ఆఖరి ఇంటి మెట్లెక్కుతున్నాడు. ఎల్ఫుల్లో అతన్ని మించిన కత్తివీరుడు లేడని పేరు. అతని మోకాళ్ళనడిగితే ఇంకోమాట చెబుతాయి.

ఆ అడవిలో ఆచారం అది. ద్వంద్వయుద్ధంలో చంపినవాడు చచ్చినవాడి ఇంటి చాకిరీ నెత్తినెత్తుకోవాలి, ఆ ఇంట్లో ఆఖరి మనిషి పోయేదాకా. ఎల్ఫులకి చావు అంత తొందరగా రాదు.

ఆఖరి ఇల్లు సైలిత్‌ది. అతను మొట్టమొదట చంపింది ఆమె భర్తనే, మూడువందల ఏళ్ళ కిందట.

"ఇవాళ బరిలోకి దిగుతున్నావటగా?" అంది గుమ్మంలోంచి.

"ఆఁ. ఫెర్నిస్ అని, కుర్రాడు. నిన్న కావడితో వెళ్తుంటే నా ఒర వాడి మోకాలికి తగిలింది."

"అవమానమే మరి. అప్పుడు మా ఆయన అంగీకి నీ ఒర తగిలినట్టే."

ఓర్వెన్ తల దించుకుని కుండ నింపాడు.

"ఎండెక్కకముందే కానిచ్చుకుని రా. పొయ్యిలోకి కట్టెల్లేవు."

బరి చుట్టూ జనం మూగారు. ఫెర్నిస్ తన కత్తిని నేలమీద పెట్టాడు, పిడి ఓర్వెన్ వైపు ఉండేట్టు. దాన్ని దాటితే పోరుకి ఒప్పుకున్నట్టు. రెండుచేతులా తీసి తిరిగిస్తే తప్పు ఒప్పుకున్నట్టు. అలా ఇచ్చినవాడు జన్మలో మళ్ళీ కత్తి కట్టకూడదు. ఆ పని చేసినవాణ్ణి అక్కడెవరూ చూసి ఎరగరు.

ఏడుసార్లు ఓర్వెన్ అలా పెట్టిన కత్తిని వెనకాముందూ చూడకుండా దాటేశాడు, మొదటిసారి సైలిత్ భర్తది.

"ఏం తాతా, కాలు లేవట్లేదా?" అన్నాడు ఫెర్నిస్. జనం గొల్లున నవ్వారు.

కుర్రాడు నిలబడ్డ తీరే చెబుతోంది. మూడు దెబ్బల్లో పోతాడు.

"మీ ఇంట్లో ఎవరెవరున్నారు?" అడిగాడు ఓర్వెన్.

"అమ్మ ఒక్కతే. నీకెందుకు?"

"ఆవిడ వయసెంత?"

"రెండువందలు."

ఇంకో అయిదువందల ఏళ్ళు ఢోకా లేదు.

"నీళ్ళెక్కణ్ణుంచి తెస్తావు?"

"లోయలో ఊట నుంచి. నాలుగువందల మెట్లు."

ఓర్వెన్ కళ్ళు మూసుకున్నాడు. అలిసిపోయాడు. ఇక తన వల్ల కాదు.

వంగాడు. మోకాలు కలుక్కుమంది. కత్తిని రెండుచేతులా ఎత్తి, పిడి కుర్రాడివైపు తిప్పి అందించాడు.

"తప్పు నాదే నాయనా. ఇంటికెళ్ళి మీ అమ్మకి నీళ్ళు తోడిపెట్టు."

ఎవరో ఛీ అన్నారు. ఎవరో ఉమ్మేశారు. ఫెర్నిస్ మాత్రం కత్తి గుండెకి హత్తుకుని, ఉన్నచోటే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఓర్వెన్ తన కత్తి విప్పి బరిలోనే వదిలేశాడు. నడుము తేలికైంది. ఇంత సులువా అనుకున్నాడు. దారిలో కట్టెలు ఏరుకున్నాడు కూడా.

అతనికంటే ముందే కబురు సైలిత్‌కి చేరింది. ఖాళీ నడుము వంక చాలాసేపు చూసింది.

"ఇచ్చేశావట."

"ఆఁ."

"వంగి తియ్యడానికి ఎంతసేపు పట్టింది?"

ఓర్వెన్ మోపు దించలేదు. అలాగే నిలబడ్డాడు.