పేరు లేని సీసాలు

"నిన్ను చూసే కదక్కా సంతకం పెట్టాను. ఇప్పుడు నాకేం తెలీదంటే ఎలా?"

పసిపిల్లల వార్డు బయట, చేతులు కడుక్కునే చోట అక్కని నిలదీసింది చెల్లెలు. అక్క మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది. తలెత్తలేదు.

"తెలీకుండా ఉంటేనే అది పరిశోధన. తెలిస్తే పక్షపాతం."

"లోపల మూలుగుతున్నది నీ సొంత చెల్లెలి కూతురు."

"లోపలున్న ప్రతి బిడ్డకీ ఒక తల్లి ఉందే."

ఈ మాట ఏ సభలోనో అంటే చప్పట్లు కొట్టేవారు. కన్నతల్లికి మాత్రం ఒళ్లు మండింది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోవు. విచ్చుకున్నా, ఊపిరి వదలగానే మళ్లీ అతుక్కుపోతాయి. అలా అతుక్కోకుండా ఉండేందుకు అక్కా, ఆవిడ బృందమూ ఏళ్ల తరబడి కష్టపడి ఒక మందు తయారుచేశారు. దాన్ని సన్నటి ఆవిరిలా ముక్కులోకి పంపాలి, అదీ ఒక్కసారే. మందు గొప్పా, అదృష్టం గొప్పా తేలాలి కాబట్టి సగం మంది పిల్లలకి మందు ఇస్తారు, సగం మందికి ఉత్త ఉప్పునీరు. ఎవరికేదో చీటీ తీసి నిర్ణయిస్తారు. సీసాల మీద ఏ పేరూ ఉండదు. ఏ బిడ్డ సీసా ఆ బిడ్డ తల్లి పేరు రాసిన డబ్బాలో వస్తుంది, అంతే. అసలు సంగతి మందుల గది చూసుకునే పెద్దాయన ఒక్కడికే తెలుసు.

ఆ మధ్యాహ్నం వంతు ఇద్దరిది. ఒకరు చెల్లెలి పాప. రెండోవాడు పక్క గాజుపెట్టెలో ఉన్న బండోడు. గుప్పెట్లో పట్టేంత కూడా లేని కొడుకుని పట్టుకుని వాళ్లమ్మ బండోడని పిలుచుకుంటుంది. అలా పిలిస్తే ఒళ్లు చేస్తాడని ఆవిడ ఆశ.

అక్క తనే రెండు డబ్బాలూ తెచ్చి, రెండు పెట్టెల మధ్యనున్న బల్ల మీద పెట్టింది. పాప వైపు చూడలేదు. చెల్లెలి వైపు అసలే చూడలేదు. నేరుగా బండోడి తల్లి దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ధైర్యంగా ఉండమ్మా. మీవాడు గట్టివాడు."

"అంతా మీ చలవ డాక్టరుగారూ" అంది ఆవిడ.

అక్క చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకేమీ అనకుండా గబగబా బయటికి వెళ్లిపోయింది.

చెల్లెలు అన్నీ గమనిస్తూనే ఉంది. చిన్నప్పుడు పంచదార డబ్బా ఖాళీ చేసిన రోజు కూడా అక్క ఇలాగే మొహం చాటేసింది. అంటే అక్కకి తెలుసు. మందు ఎవరికి పడిందో తెలిసే, ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర అంత ప్రేమ ఒలకబోసింది. తెలిసే, సొంత చెల్లెలికి ఉప్పునీళ్లు తెచ్చిపెట్టి మాట కూడా అనకుండా పోయింది. తనకి జడలు వేసిన చేతులు, తనని ఎత్తుకుని తిప్పిన చేతులు ఇంత మోసం చేస్తాయని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఏడుపు కూడా రాలేదు.

పాప ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. వదిలినప్పుడల్లా సన్నటి మూలుగు.

సిస్టరు ఆవిరి గొట్టాలు తేవడానికి వెళ్లింది. బండోడి తల్లి పాలు పిండుకోవడానికి లేచింది.

"వదినా, మావాణ్ణి కాస్త చూస్తుండవా? ఇట్టే వచ్చేస్తాను."

"వెళ్లి రా. చూస్తాను."

ఆవిడ తలుపు దాటగానే చెల్లెలు బల్ల మీదికి వంగింది. డబ్బా మూతలు తీసింది. ఇటు సీసా అటు, అటు సీసా ఇటు. రెండూ అచ్చం ఒకలాగే ఉన్నాయి. మూతలు పెట్టేసి వచ్చి కుర్చీలో కూలబడింది. బండోడి వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. నా బిడ్డని నేను కాకపోతే ఎవరు చూసుకుంటారు, అనుకుంది. ప్రతి బిడ్డకీ ఒక తల్లి ఉందన్నది అక్క నేర్పిన పాఠమేగా.

సిస్టరు వచ్చి ఇద్దరికీ ఆవిరి పట్టింది. సాయంత్రానికల్లా బండోడి మూలుగు ఆగిపోయింది. గోళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. వాళ్లమ్మ కనిపించిన ప్రతివాళ్లనీ లాక్కొచ్చి చూపిస్తోంది. పాప మాత్రం ఇంకా డొక్కలు ఎగరేస్తూనే ఉంది.

చెల్లెలికి అయోమయంగా ఉంది. అసలు మందు పాపకే పడిందిగా.

అక్క వచ్చి పాప పెట్టె ముందు నిలబడింది. ఛాతీ చూసింది, మెషిను మీద అంకెలు చూసింది, మళ్లీ ఛాతీ చూసింది.

"ఇలా ఎలా జరుగుతుంది?" అని గొణుక్కుంది.

"చీటీలో ఏది పడితే అదే జరుగుతుంది. నీకేం తెలీదుగా" అంది చెల్లెలు కసిగా.

అక్క ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది. కళ్లనిండా నీళ్లు.

"తెలుసే. నీకు అబద్ధం చెప్పాను. పెద్దాయన కాళ్లావేళ్లా పడి కనుక్కున్నాను. మందు పడింది ఆ బాబుకి, పాపకి ఉప్పునీళ్లే. నావల్ల కాలేదు. మధ్యాహ్నం నేనే, ఈ చేతులతోనే, రెండు సీసాలూ అటూఇటూ మార్చి తెచ్చాను. అందుకే ఆ తల్లి ముందు నాకు మాట పెగల్లేదు." అక్క కళ్లు తుడుచుకుని చెల్లెలి మొహంలోకి చూసింది. "నాకు ఒక్కటే అర్థం కావట్లేదే. మందు పాపకి పెడితే, తగ్గింది వాడికేమిటి?"