మనుషులు అనే మూడో కొలత

ఒక్కరే మిగిలితే పేరెందుకు పోవాలి? దిల్‌సుఖ్‌నగర్‌లో నేను ఆర్ ప్రోగ్రామింగ్ నేర్పే క్లాసులో హెప్సిబా అడిగిన ఈ ప్రశ్న ఏళ్లుగా నాతోనే ఉంది.

ఇంట్లో ఉన్న ఇద్దరిలో, తానూ తల్లీ, ఎవరెన్ని గ్లాసుల టీ తాగారో ఆమె పట్టిక కట్టి, దాని మూడు కొలతలకు (డైమెన్షన్లకు) పేర్లు పెట్టింది: రోజులు, పూటలు, మనుషులు. చనిపోయిన తల్లి ఎలీశమ్మను అందులోంచి తీసేయగానే, మనుషులనే కొలత పేర్లతో సహా మాయమైంది.

"అమ్మను తీస్తే నా పేరు గూడ పోయింది. గిదేంది మేడం?"

"ఒక్కరే ఉంటే పేరక్కర్లేదనుకుంటుందమ్మా ఆర్. ఉంచమని రాస్తే ఉంచుతుంది."

ఆమె అలా రాయలేదు. తల్లి పేరే తిరిగి పెట్టింది. వారం తర్వాత చూస్తే దాని కింద సున్నాలు లేవు, ఒకట్లున్నాయి.

"ఇవెవరు తాగారమ్మా?"

"మాపటికి పోసి పెడ్తున్న మేడం. తెల్లారేసరికి గ్లాసు ఖాళీగుంటది."

ఆ ఒకట్లను కొట్టేయకుండానే ఆమె సర్టిఫికెట్ మీద సంతకం చేశాను. అవి తప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.