జగదీష్ సార్ సంతకం

దుర్గ పెట్టిన ఏ మెయిల్‌కూ జవాబు రాలేదు.

గోడౌన్‌లో చింతపండు బస్తాలు పైకప్పును తాకుతున్నాయి. ఆ పైకప్పు రేకుల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. ఆకాశం నిండా మబ్బులు. ఒక్క గట్టి వాన పడిందంటే, ఊరంతా వేసవి పొడుగునా రాల్చి, కొట్టి, గింజ తీసిన పండు నల్లబడి ముద్దవుతుంది. భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ చిన్న సహకార సొసైటీకి ఏడాదంతటికీ ఉన్న ఆధారం అదే.

కొంటానని మాటిచ్చింది ఖమ్మం హోల్‌సేల్ వ్యాపారి ఉదయ్ భాస్కర్. లారీ మాత్రం పంపడు. సరుకు కాస్త తడిస్తే ఇంకా చవగ్గా కొట్టెయ్యొచ్చని ఆయన ఆలోచన. పెద్దమనిషి మరి.

ఫోన్ చేస్తే, "నువ్వెవరమ్మా?" అన్నాడు.

"దుర్గను సార్. సొసైటీల కంప్యూటర్ ఆపరేటర్‌ను."

"ఆపరేటర్లతో నాకేం పని? ఎవరన్నా సార్ ఉంటే మెయిల్ పెట్టమను."

సొసైటీలో సార్లు లేరు. అధ్యక్షుడు పగిడయ్య ఉన్నాడు గానీ, ఆయన్ను ఎవరైనా సార్ అంటే వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూస్తాడు.

దుర్గకు ఒళ్లు మండింది. మెయిల్ ప్రోగ్రామ్‌లో సెట్టింగ్స్ తెరిచింది. అందులో సిగ్నేచర్ అని ఒక చోటుంది. అక్కడ పేరూ హోదా రాసి పెడితే ప్రతి మెయిల్ కిందా దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చు. 'కొత్తది' అని నొక్కితే చాలు, ఒక ఆఫీసరు పుడతాడు. చదువు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు.

తన పేరుతో ఒకటి చేసింది. పగిడయ్య పేరుతో ఒకటి చేసింది.

వెనక నిలబడి చూస్తున్న పగిడయ్య, "మరి జగదీష్‌కు పెట్టవా బిడ్డా? గోడౌన్ కాసేది ఆయనేనాయె" అన్నాడు.

"ఆయనకెందుకు బాబాయ్ మెయిలు?"

"మనిద్దరి కంటే ఎక్కువ కష్టపడతుండు. పెట్టు."

అది నిజమే. జగదీష్ సెలవడగడు, జీతం పెంచమనడు. తూకంలో చెయ్యి తిప్పబోయిన ఒక బ్రోకర్‌ను మెయిన్ రోడ్డు దాకా తరిమినవాడు. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. అంతకుముందు ఊరిని సతాయించి వెళ్లిన ఒక ఇన్‌స్పెక్టర్ పేరుతో పగిడయ్య పిలవడం మొదలుపెట్టాడు, అదే ఖాయమైపోయింది.

దుర్గ టైపు చేసింది: 'జగదీష్, ఇన్‌చార్జి, గోడౌన్ సెక్యూరిటీ అండ్ విజిలెన్స్.' దాని కింద ఏదో సర్కారు నోటీసులోంచి ఒక వాక్యం తెచ్చి అతికించింది: 'సకాలంలో స్పందించని యెడల తదుపరి చర్యలు తీసుకోబడును.' ఎర్ర అక్షరాల్లో. పగిడయ్య దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఆ సెట్టింగ్స్‌లో రెండు గడులున్నాయి. కొత్త మెయిల్‌కు ఏ సంతకం, జవాబులకు ఏ సంతకం అని. మొదటి గడిలో దుర్గ తన పేరు పెట్టుకుంది. రెండోదాన్ని చూసుకోలేదు. అందులో చివరగా పుట్టిన ఆఫీసరు తిష్ట వేశాడు.

కొత్త సంతకంతో దుర్గ ఇంకో మెయిల్ పెడితే, మర్నాడు ఉదయ్ భాస్కర్ నుంచి మొదటిసారి మెయిల్ వచ్చింది. 'వచ్చే నెల చూద్దాం.' అంతే.

దుర్గ పళ్లు నూరుతూ జవాబు కొట్టింది. 'వచ్చే నెల దాకా వాన ఆగదు. ఈ వారమే లారీ పంపండి.' పంపాక చూసుకుంటే కింద ఎర్రగా జగదీష్.

"బాబాయ్, కొంప మునిగింది!"

మునగలేదు. వ్యాపారులకు విజిలెన్స్ అనే మాట వినబడితే లేని జబ్బులన్నీ వస్తాయి. బల్ల మీది టీ చల్లారకముందే జవాబొచ్చింది. 'గౌరవనీయులైన శ్రీ జగదీష్ గారికి నమస్కారములు. లారీ పంపుతున్నాను.' ఆ వెనకే ఫోన్.

"ఈ జగదీష్ గారు ఎట్లాంటి మనిషమ్మా?" ఉదయ్ భాస్కర్ గొంతు తగ్గించి అడిగాడు.

"కోపం ఎక్కువ సార్. బస్తా మీద పరాయోళ్ల చెయ్యి పడితే ఊకోడు."

"ఒకసారి మాట్లాడించు."

"ఫోన్ల మాట్లాడడు సార్."

"పోనీ, ఏమన్నా తీసుకుంటాడా?"

"పెడితే తింటడు సార్."

అవతల హాయిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

లారీ వచ్చింది. దాని వెనకే కారులో ఉదయ్ భాస్కర్ కూడా దిగాడు, చేతిలో పెద్ద స్వీటు డబ్బాతో. "ముందు సార్‌ను కలవాలి" అన్నాడు.

ఇప్పుడు సంగతి తెలిస్తే లారీ ఖాళీగా వెనక్కి పోతుంది. పైన మబ్బులు ఉరుముతున్నాయి.

"సార్ రౌండ్లకు పోయిండు. లోడు కాకముందు ఎవర్నీ కలవడు."

"అవునవును, ప్రిన్సిపుల్ ఉన్న మనిషి" అని ఉదయ్ భాస్కర్ తలూపాడు. ఆయనే హమాలీల వెంటపడ్డాడు. "జల్దీ కానియ్యండయ్యా, సార్ వచ్చేస్తారు!"

ఆఖరి బస్తా ఎక్కింది. టార్పాలిన్ కట్టారు. లారీ మలుపు తిరిగి కనబడకుండా పోయాక, మొదటి చినుకు పడింది. దుర్గకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఇప్పుడన్నా పిలువమ్మా" అన్నాడు ఉదయ్ భాస్కర్.

దుర్గ పగిడయ్య వంక చూసింది. పగిడయ్య ఆకాశం వంక చూశాడు. ఇక తప్పదని దుర్గ నోటికి చేతులు అడ్డం పెట్టి గట్టిగా కేకేసింది.

"జగదీషూ!"

"అదేంటమ్మా, అంత పెద్దాయన్ని పేరు పెట్టి..." ఉదయ్ భాస్కర్ కంగారుగా చొక్కా సర్దుకుని, డబ్బా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

గోడౌన్ వెనక నుంచి జగదీష్ ఉరుక్కుంటూ వచ్చి, కారు టైరు దగ్గర కాలెత్తి పని ముగించుకుని, స్వీటు డబ్బా వంక చూస్తూ తోకాడించాడు.