సముద్రం పక్క మ్యూజియం

“రెండిట్లో ఒకటే చూసేకయితాది. మళ్లీ రాత్రి బస్సు అందుకోవల్ల,” అంది సవిత ఫోనులోంచి తలెత్తి.

ధర్మస్థల దర్శనం చేసుకుని, సముద్రం చూద్దామని ముగ్గురూ మంగళూరుకు వచ్చారు. మ్యూజియం చూడాలన్నది మాత్రం సవిత అత్త దాసమ్మ కోరిక. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, తమ ఊరు అరసికెరెలో బయలుదేరేటప్పుడే ఈ మాట అడిగింది.

“ఒకటి పాతకాలం పనులది అత్తా. మగ్గాలు, నేత బట్టలు, మట్టి కుండలు ఉండాయంట. ఇంకోటి సముద్రం పక్కనే, కొత్తది. బొమ్మలు, కుర్చీలు, దీపాలు, అన్నీ ఈ కాలం డిజైన్లు.”

“పాతదానికే పోదాం,” అంది దాసమ్మ.

ఆ మాటకు ఆమె కొడుకు సుదీప్ ఉలిక్కిపడ్డాడు.

కొన్నేళ్ల కిందట భూమిని సోలార్ పార్కుకు లీజుకిచ్చి, గొర్రెలు అమ్మేశాక, మిగిలిన ఉన్నితో దాసమ్మ ఒక కంబళి నేసింది. నల్లటి కంబళి, అంచున తెల్లటి గీతలు. ఎవరినీ ముట్టనివ్వకుండా పెట్టెలో దాచుకుంది. ఒకరోజు ఆ సోలార్ ప్లాంటు ఇంజినీరు ఇంటికొచ్చి, మంగళూరు మ్యూజియంలో పెట్టడానికి మంచి కంబళి కావాలన్నాడు. తల్లి కూలికి శెనక్కాయలు ఒలవడానికి పోయింది. ఆమె వచ్చేలోగా సుదీప్ పెట్టె తెరిచి కంబళి ఇచ్చేశాడు. ఆ నెలలోనే అతనికి ప్లాంటులో పని దొరికింది. కంబళిని ఎలుకలు కొరికేశాయని, పారేశానని తల్లికి చెప్పాడు.

“పోనీలేప్పా,” అంది ఆమె. తిట్టలేదు, ఏడవలేదు. అప్పటినుంచీ ఆ మాట అతని లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మంగళూరులో రెండు మ్యూజియంలున్నాయని అతనికి ఇప్పుడే తెలిసింది. కంబళి ఉంటే పాతదాంట్లోనే ఉంటుంది.

“పాతదానికి మెట్లు ఎక్కువంటమ్మా. నీ మోకాళ్లకు కష్టం,” అన్నాడు.

“మెట్లా? ఈడ రాయలేదే,” అంటూ ఫోను చూడబోయిన సవితను కళ్లతోనే వారించాడు.

దాసమ్మ కొడుకు మొహంలోకి కాసేపు చూసింది. “నీ ఇష్టం నాయనా.”

కొత్త మ్యూజియంలో ఆమె గాజు కుర్చీల దగ్గర ఆగలేదు. తీగలతో అల్లిన దీపాల వైపు చూడనైనా చూడలేదు. ఒక్కో గది గుమ్మంలో నిలబడి, నాలుగు గోడలూ చూసి, తర్వాతి గదికి నడిచింది.

“ఇంకో రూమేమన్నా ఉండాదా?”

“లేదమ్మా. అయిపోయ.”

“మేడ మింద?”

“ఆఫీసంట.”

ఆమె మొహం చిన్నబోయింది. “ఆ పాతది ఇంకా తీసుంటారా?”

“మూసేసింటారులే,” అన్నాడు సుదీప్. మూయడానికి ఇంకా చాలా టైముందని అతనికి తెలుసు.

బయటికొచ్చి ఒడ్డున సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. సవిత నీళ్ల బాటిల్ కోసం వెళ్లింది. దాసమ్మ మోకాళ్లు రుద్దుకుంటూనే, “ఎండలో నన్నేసుకుని తిరిగి అలిసిపోయినావు,” అని పైట కొంగుతో కొడుకు మెడ మీద చెమట తుడిచింది.

ఆ చెయ్యి తగిలేసరికి అతనిక ఓర్చుకోలేకపోయాడు. బెంచీ దిగి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“అమ్మా, కంబళిని ఎలుకలు కొరకలేదు. నేనే ఆ ఇంజినీరుకు ఇచ్చేసినా. పని కోసరం. అది ఆ పాతదాంట్లో ఉంటాదని, నువ్వు చూస్తావని భయపడి నిన్ను ఈడికి తోలుకొచ్చినా.”

దాసమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది.

“కంబళి తీసుకొని నీకు పనిమ్మని ఆయప్పను అడిగింది నేనేరా.”