ఎడమచేతి వెలుతురు

లోకేశ్వరి కూతురు ఆదివారం పూట కారమడైలో ఎవరిదో మిద్దె ఎక్కి, ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని, తన చుట్టూ తానే తిరుగుతోందట. బస్సులో పోతూ తన మరదలు కళ్ళారా చూసిందని పక్కింటి పాప్పాత్తి చెప్పింది. గాలి సోకినట్టుంది, వేపమండతో కొట్టిస్తే దిగిపోతుందని మందు కూడా తానే చెప్పి, అరగ్లాసు చక్కెర అడిగి పట్టుకుపోయింది.

గాలీ లేదు, ధూళీ లేదని లోకేశ్వరికి తెలుసు. కూతురు ఇందుజది ఇళ్ళ బొమ్మలు చేసే ఉద్యోగం. రేపు కట్టబోయే ఇంటిని కోయంబత్తూరు ఆఫీసులో కూర్చుని కంప్యూటర్లో ఇవాళే కట్టి చూపిస్తుంది. కిటికీ అవతల ఏ విదేశీ సరస్సో అతికించి పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు. తీరా ఇల్లు కట్టి కిటికీ తీస్తే ఎదురింటి నీళ్ళ ట్యాంకు పలకరిస్తుంది. ఇందుజ అలా చేయదు. స్థలానికే పోయి, పక్క మిద్దె ఎక్కి, నలుదిక్కులనూ ఒకే పొడుగాటి ఫోటోగా తీసుకొచ్చి, దాన్నే బొమ్మ వెనక పరుస్తుంది. ట్యాంకు ఉంటే ట్యాంకే.

లోకేశ్వరి దిగులంతా ఆ ఆదివారాల గురించే. వరసగా మూడు వారాలు పిల్లను చూడవచ్చిన వాళ్ళు కాఫీ తాగి వట్టినే పోయారు. పిల్లేమో మిద్దె మీద. ఈ వారం సంబంధం కూడా తప్పిపోతే మళ్ళీ ఈ వాకిలి తొక్కనని పెళ్ళిళ్ళు కుదిర్చే భూపతి తేల్చేశాడు.

మొగుడు పోయాక తిరుప్పూరు బనియన్లకు మెడపట్టీలు కుట్టి పెంచిన ఒక్కతే కూతురు. పెళ్ళి మాటెత్తితే దానిది ఒకటే పట్టు: అమ్మ కూడా తనతో రావాలి. అల్లుడింట్లో ఏ మూలో ముడుచుకుని కూడు తినేకంటే, ఈ ఇరుకింట్లో గోడకు ఎదురుగా కుట్టుకుంటూ పోవడమే మేలని తల్లిది ఇంకో పట్టు. అలా అలా పిల్లకు ఇరవై ఏడేళ్ళు వచ్చేశాయి.

"రేపు ఒక్కదినం ఇల్లు కట్టించే ఆ కారమడై అవ్వను ఆగమనవే," అంది శనివారం సాయంత్రం.

"ఆగేది కాదు మా. అవ్వకు కిటికీ ఇంకా కుదరలేదు."

"నాలుగు వారాలుగా అదేమి కిటికీనే?"

ఇందుజ లాప్‌టాప్ తల్లివైపు తిప్పింది. మేడ మీద గది. వెడల్పాటి కిటికీ. అవతల వక్కతోట, దాని వెనక నీలంగా నీలగిరి. కిటికీ పక్కన ఒక కుట్టుమిషన్.

"ఎనభై ఏండ్ల మనిషికి మాడి మీద గదా?"

"మోకాళ్ళు గట్టివే మా."

లోకేశ్వరి బొమ్మ దగ్గరికి వంగింది. చూపు మిషన్ మీద నిలిచింది. కిటికీ సరిగ్గా మిషన్‌కు ఎడమపక్క ఉంది. వెలుతురు కుడినుంచి వస్తే కుట్టేవాళ్ళ చెయ్యే సూదికి అడ్డం. ఆ సంగతి మేస్త్రీలకు తెలీదు, ఇంజనీర్లకు తెలీదు.

"ముసలిదానికి పని తెలుసునే," అంది, ఒప్పుకోవడం ఇష్టం లేకుండానే.

ఇందుజ తల వంచుకుని ఫోటో పెద్దది చేసింది. పోయినవారం ఎండ వాలాక తీసిందట. గదిలో నీడ ఒక తట్టు, బయట నీడ ఇంకో తట్టు పడితే బొమ్మ అబద్ధమని తెలిసిపోతుందట. అందుకే రేపు పొద్దున్నే పోవాలంది.

లోకేశ్వరి కళ్ళు చిట్లించి చూసింది. తోట పక్క కళ్ళంలో నీలం చొక్కా కుర్రాడు ఒకడు వక్కలు తిరగేస్తున్నాడు. కాస్త ఇవతల అదే చొక్కా, అదే ముఖం.

"కవలలా?"

"ఒకడే మా. నేను ఫోను తిప్పే తట్టుకే నడిచినాడు. రెండుసార్లు పడినాడు."

"తుడిచేస్తే పోలా?"

"మనుషులుంటేనే ఇల్లు నిజమనిపిస్తుంది."

సరి, రేపు నేనూ వస్తా, ఆ మహాతల్లితో నేనే మాట్లాడతా అంది లోకేశ్వరి. కూతురు వద్దంటుందనుకుంది. అనలేదు.

తెల్లారి మొదటి బస్సులోనే దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. కారమడై అవ్వ తిరుమలమ్మాళ్ తన పాత మిద్దింటి అరుగు మీద చేతికర్ర పక్కన పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది. పక్కనే కొత్త ఇంటికి ముగ్గుపిండితో గీతలు గీసిన ఖాళీ స్థలం. ఫోటోలో రెండుగా కనిపించినవాడు ఇక్కడ ఒక్కడే వచ్చి ముక్కాలిపీట వేశాడు, చెంబుతో నీళ్ళిచ్చాడు. తన మనవడు మదన్ అని చెప్పింది ముసలమ్మ. ఇందుజ చెప్పులు విడిచి గబగబా మెట్లెక్కింది.

సగం నీళ్ళు తాగి చెంబు కింద పెట్టి లోకేశ్వరి మొదలుపెట్టింది. తండ్రి లేని పిల్లంది. మూడు సంబంధాలు చేజారాయంది. నాలుగోవాళ్ళు ఈ సాయంత్రం వస్తున్నారు, ఇదే ఆఖరుదంది. కూతురు అచ్చు తీసి తెచ్చిన బొమ్మ కాగితం విప్పి ముసలమ్మ ఒళ్ళో పెట్టింది.

"మీ కిటికీ కోసం నా కూతురి కల్యాణం ఆగిపోతా ఉండాది పెద్దమ్మా. మిషన్ కాడికి ఎడమచేతి తట్టు వెలుతురు వస్తే చాలు గదా. అది వచ్చేసింది. ఇంకేమి కావల మీకు?"

తిరుమలమ్మాళ్ ఒలవడం ఆపింది. కాగితం కేసి చూసింది. మనవడి కేసి చూసింది. అతను వక్కల కేసి చూస్తున్నాడు. తలెత్తి మిద్దె కేసి చూసింది. అక్కడ ఇందుజ తిరగడం మానేసి, ఫోను దించేసి, అలాగే నిలబడి ఉంది.

"ఈ గది నాకని ఎవరు చెప్పినారు? నాకు కుట్టనే రాదమ్మా."