తాడుకి అటువైపు

లండన్ నుంచి వచ్చిన రిచర్డ్ గారు స్టూడియో అద్దం వెనక కూర్చున్నారు. ముప్పై ఏళ్లుగా హిట్ పాటలు చేసిన నిర్మాత ఆయన. మా నాన్న ఎల్లాజీ పాడే వల లాగుడు పాట నచ్చితే తన కొత్త ఆల్బమ్‌లో పెడతారు. నాన్నని తీసుకొచ్చింది అక్కడ సౌండ్ అసిస్టెంటుగా పనిచేస్తున్న నేనే.

మూడుసార్లు పాడినా నాన్న గొంతు లేవలేదు. ఇంకొక్కసారే వింటానన్నారు రిచర్డ్ గారు.

"ఒట్టి సేతుల్తో ఏటి పాడతానే? అటేపు లాగీవోడు నేకపోతే పాటెలా లేత్తాది?" అని నాన్న నా మీద విసుక్కున్నాడు.

ఫొటో కోసం జాలరిపేట నుంచి తెచ్చిన వల తాడు మూలన ఉంది. ఒక కొస నాన్న చేతిలో పెట్టి, రెండోది నేను పట్టుకున్నాను.

నాన్న ముఖం మాడిపోయింది. మా ఇంట్లో ఆడపిల్ల వల తాడు ముట్టకూడదు. ఏడేళ్లప్పుడు ముట్టానని ఆయనే నా చెంప పగలగొట్టాడు.

"ఎత్తుకో నాన్నా. అటేపు నానున్నాను."

నాన్న తాడుని అరచేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. తర్వాత ఒక్క గుంజు గుంజి పాట ఎత్తుకున్నాడు. తూలిపడబోయి నిలదొక్కుకుని, బదులు పాడుతూ నేనూ లాగాను. అద్దం వెనక రిచర్డ్ గారు లేచి నిలబడ్డారు.

కావలసింది దొరికిందని నవ్వి, ఇక చాలన్నట్టు చేయెత్తారు. నేను తాడు వదలబోయాను.

"వదిలీకే! వల ఇంకా ఒడ్డెక్కనేదు" అన్నాడు నాన్న.