తిప్పిరాసిన పేరు

కోడలు అరుణ ఇస్త్రీపెట్టెను రాగిరేకు మీద అదిమిపట్టి పెదవులు కదుపుతోంది. నర్సింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటి నుంచే చూస్తోంది. కొడుకూ కోడలూ ఉండే ఆ అర్ర గడప ఆమె దాటక ఆరు నెలలైంది.

అరుణ పాలమూరులో ఐటీఐ చదివిన పిల్ల. కోస్గి బజారులో మొగుడు పరమేశ్వర్‌కున్న రేడియో దుకాణం పని సగం ఇంట్లోనే చేసిపెడుతుంది. ఆమె వచ్చిన నాటి నుంచి కొడుకు చెవికి తల్లి మాట ఎక్కడం లేదని నర్సింగమ్మ బాధ. ఈ పిల్ల పుట్టింటికి పోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో. అయినా ఇన్నాళ్లూ అరుణ రేడియోలే విప్పింది. రాగిరేకులు ఇప్పుడే మొదలు.

అరుణ రేకును నీళ్లలో వేసి, దానికి అంటుకున్న కాగితాన్ని వేలితో రుద్ది తీసింది. నల్లటి గీతలు, చుక్కలు మిగిలాయి. తర్వాత ఎండిన నెత్తురు రంగు నీళ్లున్న ప్లాస్టిక్ గిన్నెలో ముంచి అటూ ఇటూ ఊపసాగింది. ఆమె వేళ్లు కూడా అదే రంగుకు తిరిగాయి.

ఇంతలో గాలికి ఓ జిరాక్స్ కాగితం ఎగిరొచ్చి నర్సింగమ్మ కాళ్ల దగ్గర పడింది. అవే గీతలు. మూలన నాలుగక్షరాలు. ఆమెకు చదువు రాదు, వయోజన బడిలో దిద్దిన తన పేరొక్కటే వచ్చు. అదే పేరు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

ముందే దమ్ము మనిషి, ఊపిరందలేదు. గోడ పట్టుకుని పక్కింటి ఇక్బాల్ బీ దగ్గరికి పోయి కూలబడింది. చేతబడికి రేకు రాగిదే ఉండాలని, పేరు తిప్పే రాయాలని, అమాస లోపల మనిషి పడిపోతుందని, అమాస నాలుగు రోజులే ఉందని చెప్పింది. ఇక కోడలి చేతి అన్నం ముట్టనంది.

ఇక్బాల్ బీ బియ్యంలో రాళ్లేరడం ఆపింది.

"గివన్ని నీకెట్ల ఎరుకనే అక్కా?"

నర్సింగమ్మ తాగడానికి నీళ్లడిగింది.

"మొన్న చలికాలంల దవాఖాన్ల వారం దినాలు నీ పియ్యి ఉచ్చ ఎత్తిపోసింది గా పిల్లనే. పోయి మొగం మీదనే అడుగు."

నర్సింగమ్మ తిరిగొచ్చి గడప ఇవతలే నిలబడింది.

"ఓ పిల్లా, రేకు మీద నా పేరెందుకు రాసినవ్? ఏం సదువుతున్నవ్ దాని మీద?"

"చూసినవా అత్తమ్మా? అయినంక చూపెడ్దామనుకున్న." అరుణ నవ్వుతూ రేకు పైకెత్తింది. మిగతా రాగంతా కరిగిపోయి, నలుపు తుడిచిన గీతలే అట్ట మీద మెరుస్తున్నాయి. పేరు ఇప్పుడు సరిగ్గా ఉంది. "సదువుడు కాదు, మూడొందలు లెక్కవెట్టిన. గంతసేపు ఇస్త్రీపెట్టె ఒత్తాలె. కాగితం మీద ఉల్టా ఉంటేనే రేకు మీద సీదా దిగుతది."

"నా పేరెందుకే?"

"దుకాణం సామాన్ల కలవొద్దని. దమ్ము లేస్తే పిలువనీకె నీకు గొంతు రాదు గద. దీనికి మైకు బిగించి నీ మంచం కాడ పెడ్త, వైరు మా అర్రలకు గుంజుత. నువ్వు జర దగ్గినా మా అర్రల వినవడ్తది."

నర్సింగమ్మ కళ్లు నిండాయి. కోడలిని దగ్గరికి తీసుకుందామని ఆరు నెలలుగా దాటని గడప దాటబోయి కాలెత్తింది.

"వైరు నీ కాళ్లకు తగలొద్దని, రేపు పొద్దుగాల ఆయన గీ గడప కింద తవ్వుతనన్నడు అత్తమ్మా."

ఎత్తిన కాలు అక్కడే ఆగిపోయింది.

కోడలి పేరు తిప్పి రాయించి తను పాతిన రాగిరేకు ఆ గడప కిందే ఉంది.